ఆపిన కారును అలుసు చేయకండి
(మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



ఈవేళ మనం మాట్లాడుకోబోయే విషయం కారు సర్వీసింగూ, రిపేరూ చేసేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు. ఈ మాట వినగానే మీలో కొందరికి "అది మగవాళ్ళ వ్యవహారం కదా, మనకెందుకూ?" అనిపించవచ్చు. కానీ ఒక్కసారి ఆలోచించండి. ఆదివారం పొద్దున్నే వాకిట్లో కారును జాకీ మీద ఎత్తి దాని కింద దూరేది మన శ్రీవారో, మన అబ్బాయో, మన తమ్ముడో. జరగరానిది జరిగితే ముందుగా కేక విని పరుగెత్తేది మనం. పైగా ఈ రోజుల్లో కారు నడిపే ఆడవాళ్ళు తక్కువేమీ కాదు. ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళూ, పిల్లల్ని బడికి దింపేవాళ్ళూ దారిలో టైరు పంచరైతే ఎవరో వచ్చేదాకా ఎదురుచూస్తూ నిలబడాలా? అంచేత ఇది మన వ్యవహారం కూడానూ.

అసలు చరిత్ర చూస్తే, దూరప్రయాణంలో కారుకు దారిలో రిపేరు చేసుకున్న మొదటి మనిషిగా చెప్పుకునేది ఒక ఆడమనిషినే! జర్మనీలో కార్ల్ బెంజ్ అనే ఆయన పెట్రోలుతో నడిచే మూడు చక్రాల బండి తయారుచేశాడు గదా. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజ్, భర్తకు చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని ఆ బండిలో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లో వున్న పుట్టింటికి బయలుదేరింది. 100 కిలోమీటర్ల పైచిలుకు దూరం. దారిలో ఇంధనం వచ్చే గొట్టం పూడుకుపోతే టోపీకి పెట్టుకున్న పిన్నుతో పొడిచి శుభ్రం చేసింది. బ్రేకు దిమ్మలు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి చేత తోలుముక్కలు కొట్టించింది. ఇంధనం అయిపోతే మందుల దుకాణంలో కొని పోయించింది. ఇంత చేసిన జాతి మనది. కాబట్టి కారు బోనెట్ ఎత్తితే కళ్ళు తిరుగుతాయని ఇకమీదట అనకండి.

సరే, విషయానికి వద్దాం. కారు నడిచేటప్పుడు ప్రమాదమని చిన్నపిల్లలకు కూడా తెలుసు. తాళం తిప్పి ఇంజను ఆపేశాక మటుకు, "ఇంకేముంది, ఆగిపోయింది గదా" అనుకుంటాం. చిక్కంతా అక్కడే వుంది. ఆగిన కారులో బరువు వుంటుంది, వేడి వుంటుంది, ఒత్తిడి వుంటుంది, కరెంటు వుంటుంది, మండే ఆవిరి వుంటుంది. ఇవన్నీ కట్టేసిన ఆబోతుల్లాంటివి. పలుపు సరిగ్గా వుందో లేదో చూసుకోకుండా కొట్టంలోకి వెళ్ళేవాడికే పోటు తగులుతుంది. రిపేరులో జాగ్రత్త అంటే పెద్ద శాస్త్రమేమీ కాదు. చెయ్యి పెట్టేముందు ఈ బలాలన్నీ ఎక్కడ వున్నాయో చూసి, వాటిని దింపేయడమో, కట్టేయడమో చేయడం. అంతే.

ముందుగా బరువు సంగతి చెప్పుకుందాం. మనం చిన్నకారు అనుకునేది కూడా 800 నుంచి 1000 కిలోల దాకా తూగుతుంది. అంటే ఎన్నో బస్తాల బియ్యం! అంత బరువునూ డిక్కీలో ఇచ్చిన చేతిలో పట్టే జాకీ ఒక పక్కగా ఎత్తుతోంది. గుర్తుంచుకోండి, జాకీ అన్నది ఎత్తడానికే గానీ మోయడానికి కాదు. టైరు మార్చేంతసేపు మాత్రమే దానికి పని. నేల మెత్తగా వుంటే దిగబడుతుంది. పల్లంగా వుంటే ఒరుగుతుంది. నూనెతో పనిచేసే జాకీ అయితే లోపలి వాషరు అరిగి మెల్లగా కిందికి దిగిపోతుంది. కాబట్టి కేవలం జాకీ మీద నిలిచిన కారు కిందికి తల కాదు గదా, చెయ్యి కూడా పెట్టకూడదు.

మరి కింద పని వుంటే ఏం చేయాలి? జాకీ స్టాండ్లని బజార్లో దొరుకుతాయి. ఇనప ముక్కాలిపీటల్లా వుంటాయి. జాకీతో ఎత్తి, వాటి మీదికి దించి, కారును చేత్తో ఒకసారి గట్టిగా ఊపి చూసి, కదలడం లేదని తేలాకే కిందికి వెళ్ళాలి. స్టాండ్లు లేవా? అయితే ఆ పని ఇంట్లో వద్దు, షెడ్డుకు పంపించండి. మన ఇళ్ళల్లో ఇటుకలో, సిమెంటు దిమ్మలో పేర్చి వాటి మీద కారును ఆపే అలవాటు ఒకటుంది. పైనుంచి చూస్తే ఇటుక గట్టిగానే కనిపిస్తుంది. కానీ ఇనుము ఒకచోట వంగి మనకు హెచ్చరిక యిచ్చినట్టు ఇటుక యివ్వదు. ఒక్కసారిగా పగిలిపోతుంది.

టైరు మార్చడానికి కూడా ఒక వరుస వుంది. సమంగా, గట్టిగా వుండే నేల చూసుకోవాలి. హ్యాండుబ్రేకు లాగి, ఫస్టు గేరులో పెట్టాలి. చేత్తో గేర్లు మార్చనక్కర్లేని ఆటోమేటిక్ బండి అయితే 'పి' అన్నచోట పెట్టాలి. మనుషులందరూ కిందికి దిగాలి. ఏ చక్రం ఎత్తుతున్నామో దానికి ఎదురుమూల చక్రానికి ముందూ వెనకా అడ్డు పెట్టాలి. ఎందుకంటే చాలా కార్లకు హ్యాండుబ్రేకు పట్టేది వెనక చక్రాలనే. వెనక చక్రాన్ని పైకెత్తారంటే ఆ పట్టు సగం పోయినట్టే. ఆ తరువాత బండి నేలమీద వుండగానే చక్రం నట్లను అరచుట్టు వదులు చేయాలి. ఎత్తాక పానా మీద కాలేసి తొక్కితే జాకీ జారుతుంది. పుస్తకంలో ఎక్కడ చూపించారో అక్కడే జాకీ పెట్టాలి. తీసిన చక్రాన్ని కారు అంచు కింద పడుకోబెడితే, జాకీ జారినా కారు దానిమీద పడి ఆగుతుంది. కొత్త చక్రం నట్లు ఒకదాని పక్కది కాకుండా ఎదురెదురుగా బిగించాలి. యాభై కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ ఒకసారి పానా వేసి చూసుకోవాలి.

అన్నట్టు, మనమంతా 'స్టెప్నీ' అంటాం గదా, ఆ మాట ఎక్కడిదో తెలుసా? వేల్స్ దేశంలో లనెత్లీ అనే ఊళ్ళో స్టెప్నీ వీధి అని ఒక వీధి వుంది. 1904 ప్రాంతంలో అక్కడ అదనపు చక్రాలు తయారుచేసి అమ్మేవారు. ఆ వీధిపేరు మన దాకా వచ్చి స్థిరపడిపోయింది. అయితే పేరు గుర్తుంచుకున్న మనం ఆ చక్రంలో గాలి వుందో లేదో చూడడం మటుకు మరిచిపోతాం. నెలకోసారి మిగతా నాలుగింటితో పాటు దానికీ గాలి కొట్టించండి.

ఇక వేడీ, ఒత్తిడీ. ఈ సంగతి మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ప్రెషర్ కుక్కరులో పప్పు పెట్టి, విజిల్ వచ్చిన వెంటనే మూత లాగుతామా? లాగం. ఆవిరంతా పోయేదాకా ఆగుతాం. కారు రేడియేటరు కూడా అచ్చంగా కుక్కరే. దాని మూతలో స్ప్రింగు వుండి లోపల ఒత్తిడి నిలబెడుతుంది. ఒత్తిడి వుంటే నీళ్ళు నూరు డిగ్రీలకు మరగవు. 120 డిగ్రీల దాకా వెళ్ళినా నీళ్ళలాగే వుంటాయి. మూత తీశారో, ఒత్తిడి పోయి ఆ నీళ్ళు ఒక్క క్షణంలో మరిగి ఆవిరితో సహా మొహం మీదికి చిమ్ముతాయి. ఎండాకాలంలో ఘాటురోడ్డు ఎక్కేటప్పుడు బండి వేడెక్కితే, కంగారుపడి బోనెట్ ఎత్తి మూత తిప్పేవాళ్ళే ఎక్కువ. వంటింట్లో మనం చూపించే ఓర్పు అక్కడ వాళ్ళకు వుండదు.

అలాంటప్పుడు బండిని పక్కకు తీసి, ఇంజను ఆపి, కనీసం అరగంట, ఇంకా వేడిగా వుంటే గంటసేపైనా ఆగండి. పైగొట్టాన్ని దూరంగా చెయ్యి పెట్టి చూస్తే వేడి తగ్గిందీ లేనిదీ తెలుస్తుంది. చల్లారాక మూత మీద మందపాటి గుడ్డ వేసి, మొహం పక్కకు తిప్పుకుని, కొంచెం మాత్రం తిప్పి ఆగాలి. బుస్సుమనే చప్పుడు పూర్తిగా పోయాకే మూత తీయాలి. కాలిపోతున్న ఇంజనులో ఒక్కసారిగా చన్నీళ్ళు పోయకూడదు. వేడి పెనం మీద నీళ్ళు చల్లితే ఎలా చిటపటలాడుతుందో అలాగే ఇంజను లోహం బీటలు వారవచ్చు.

రేడియేటరు వెనక ఒక ఫ్యాను వుంటుంది చూశారూ, దాన్ని కూడా నమ్మకూడదు. చాలా కార్లలో అది కరెంటు ఫ్యాను. ఇంజను ఆపినా, తాళం తీసినా, లోపల వేడిగా వుంటే దానంతట అదే గిర్రున తిరగడం మొదలుపెడుతుంది. ఇప్పటిదాకా కదలకుండా వున్న రెక్క ఉన్నట్టుండి తిరిగితే వేళ్ళు పోతాయి. ఇక ఇంజను నడుస్తూ వుండగా బోనెట్ దగ్గర వంగేవాళ్ళు చీరకొంగు, చున్నీ, జడ, వేలాడే గొలుసు, ఇవన్నీ గట్టిగా దోపుకోవాలి. బెల్టు ఒక దారప్పోగును పట్టుకుందంటే మనిషిని లాగేసుకునేదాకా వదలదు. బండి పని చేసేటప్పుడు పంజాబీ డ్రెస్సు వేసుకుంటే చున్నీ తీసి పక్కన పెట్టండి. చీరలో వుంటే కొంగు నడుముకు చుట్టి బిగించండి. జడ ముడి వేసుకోండి.

నగల గురించి ఇంకో మాట. బ్యాటరీ 12 వోల్టులదే, అది షాకు కొట్టదు, నిజమే. కానీ దానిలోంచి ఒక్కసారిగా వందల ఆంపియర్ల కరెంటు ప్రవహించగలదు. చేతిలో పానా బ్యాటరీ పాజిటివ్ మీద వుండి, ఉంగరమో, బంగారు గాజో కారు బాడీకి తగిలిందంటే, ఆ బంగారం క్షణాల్లో ఎర్రగా కాలి వేలు చుట్టూ కంకణంలా పట్టేస్తుంది. తీద్దామన్నా రాదు. అందుచేత గాజులు, ఉంగరాలు, వాచీ తీసి డబ్బాలో పెట్టి మరీ పనిలోకి దిగాలి. మంగళసూత్రం తీయడానికి మనసొప్పని వాళ్ళు రవికెలోకి దోపుకుని, పైన చొక్కా తొడుక్కుని గుండీలు పెట్టుకోవాలి. మగవాళ్ళ చేతి కడియాలకూ, మెడ గొలుసులకూ ఇదే వర్తిస్తుంది.

బ్యాటరీ విప్పేటప్పుడు ముందు నెగటివ్ తీగ, అంటే మైనస్ గుర్తు వున్నది తీయాలి. బిగించేటప్పుడు దాన్నే చివర బిగించాలి. ఎందుకంటారా? కారు ఇనప బాడీ అంతా నెగటివ్‌కు కలిపి వుంటుంది. నెగటివ్ తీసేశాక పాజిటివ్ మీద పానా జారి బాడీకి తగిలినా ఏమీ కాదు. ముందు పాజిటివ్ విప్పబోతే, పానా జారినప్పుడల్లా మెరుపులే. ఛార్జి అవుతున్న బ్యాటరీలోంచి హైడ్రోజన్ వాయువు కూడా వస్తుంది. గాలిలో నూటికి నాలుగుపాళ్ళు హైడ్రోజన్ చేరినా నిప్పురవ్వకు పేలుతుంది. నీళ్ళెంత వున్నాయో చూడడానికి అగ్గిపుల్ల గీయడమంటే బాంబుకు వత్తి ముట్టించడమే. టార్చిలైటు వాడండి. ఆసిడ్ ఒంటిమీద పడితే వెంటనే ధారగా నీళ్ళు పోయాలి. కళ్ళలో పడితే పావుగంట నుంచి ఇరవై నిమిషాలు ఆపకుండా మంచినీళ్ళతో కడుగుతూనే వుండి, ఆపైన డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. నేల మీద ఒలికితే వంటసోడా చల్లవచ్చు, కంట్లో మాత్రం మంచినీళ్ళు తప్ప ఏదీ వేయకూడదు.

తరువాత పెట్రోలు. పెట్రోలు మండదు, దాని ఆవిరి మండుతుంది. ఆ ఆవిరి సున్నాకు 40 డిగ్రీల కింద చలిలో కూడా అంటుకునేంతగా లేస్తుంది. మరి మన ఎండల్లో చెప్పాలా? అది గాలికంటే బరువు. పొగలా పైకి పోదు. నీళ్ళలా నేలమీద పాకుతూ పల్లానికి వెళుతుంది. మీరు వాకిట్లో పెట్రోలుతో సామాను కడుగుతూ వుంటే, ఆ ఆవిరి గడప దాటి వరండాలో తులసికోట దీపం దాకానో, వంటింటి స్టవ్ దాకానో పాకిపోతుంది. అక్కడ అంటుకుని అదే దారిలో వెనక్కి వస్తుంది. షెడ్లలో కారు కింద నిలబడడానికి తవ్విన గొయ్యి వుంటుంది చూడండి, అందులోకీ దిగి పేరుకుంటుంది. అందువల్ల ఇంట్లో పెట్రోలుతో సామాన్లు కడగడం, గ్రీజు చేతులు తోముకోవడం పూర్తిగా మానిపించండి. గ్రీజు పోవాలంటే ఒక చెంచా వంటనూనె పోసి రుద్ది, తరువాత సబ్బుతో కడిగితే చక్కగా పోతుంది. ఖాళీ పెట్రోలు టాంకు కూడా ఖాళీ కాదు. లోపల ఆవిరి నిండి వుంటుంది. దానికి వెల్డింగు చేయించే పని తెలిసినవాడికే ఇవ్వాలి.

గొట్టం పెట్టి నోటితో పెట్రోలు పీల్చి తీయడం మన దగ్గర మహా మామూలు విషయమైపోయింది. పొరపాటున గుటక పడితే కడుపులో కంటే ఊపిరితిత్తుల్లోకి వెళ్ళినప్పుడు చాలా ప్రమాదం. పెద్దవాళ్ళు వెంటనే ఉప్పునీళ్ళు తాగించి కక్కిస్తారు. దయచేసి ఆ పని చేయకండి. కక్కేటప్పుడే అది ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. ఏమీ తాగించకుండా, ఒకపక్కగా కూర్చోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. పెట్రోలుగానీ, రేడియేటర్లో పోసే పచ్చ, గులాబీ రంగుల కూలెంటుగానీ షర్బతు సీసాల్లో, మంచినీళ్ళ సీసాల్లో పోసి వుంచకండి. కూలెంటులో వుండే ఎథిలీన్ గ్లైకాల్ తియ్యగా వుంటుంది, మూత్రపిండాలు పాడుచేస్తుంది. రంగు చూసి పిల్లలు తాగుతారు, తీపికి కుక్కలు నాకుతాయి. కింద ఒలికితే వెంటనే కడిగేయించండి.

పొగ సంగతి చూద్దాం. షెడ్డు తలుపులు వేసి, వర్షమనో, దోమలనో, లోపల ఇంజను నడుపుతూ పనిచేయడం ప్రాణాల మీదికి తెస్తుంది. సైలెన్సర్లోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలో ప్రాణవాయువు అంటుకోవలసిన చోట అది రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. మొదట తలనొప్పి, తరువాత కళ్ళు తిరగడం, వాంతి, ఆ తరువాత మగత. మగత వచ్చినవాడికి లేచి తలుపు తీయాలనే తెలివి వుండదు. అందుకని ఇంజను నడిపించి చూడవలసి వస్తే బండిని ఆరుబయటికి తెచ్చి చూడాలి. లోపల ఎవరైనా పడిపోయి వుంటే ముందు తలుపులు బార్లా తెరిచి, ఇంజను ఆపి, మనిషిని గాలిలోకి తేవాలి.

బ్రేకుల దగ్గర చేరిన నల్లటి పొడిని నోటితో ఊదకండి, ఊదించకండి. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ వాడేవారు. ఆ పొడి ఊపిరితిత్తులకు ఏళ్ళ తరబడి హాని చేస్తుంది. తడిగుడ్డతో తుడవాలి. బ్రేకుల పని అయ్యాక, బండి కదిలించక ముందే, బ్రేకు పెడలును గట్టిపడేదాకా నాలుగైదుసార్లు నొక్కాలి. కొత్త ప్యాడ్లు వేసినప్పుడు మొదటి నొక్కుకు పెడలు నేలదాకా వెళ్ళిపోతుంది. ఆ సంగతి గోడ ఎదురుగా తెలిస్తే లాభం లేదు గదా!

ఇప్పుడు వస్తున్న కార్లలో మనం అసలు చెయ్యి పెట్టకూడని చోట్లు కొన్ని వున్నాయి. మనదేశంలో 2019 జూలై నుంచి కొత్త కార్లకు డ్రైవరు వైపు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి చేశారు. అది కనురెప్ప వేసేలోపల విచ్చుకునే చిన్న పేలుడు. సీటు కిందా, స్టీరింగు దగ్గరా కనిపించే పసుపు రంగు తీగలూ, క్లిప్పులూ దానివే. వాటిని లాగవద్దు. సీ.ఎన్.జీ. సిలిండరులో గాలి ఒత్తిడికి 200 రెట్ల ఒత్తిడి వుంటుంది. దాని జోలికి వెళ్ళేది అనుమతి వున్న మెకానిక్కు మాత్రమే. ఇక కరెంటు కార్లూ, హైబ్రిడ్ కార్లూ. వీటిలో లావుపాటి నారింజ రంగు తీగలుంటాయి. మన ఇంటి కరెంటు 230 వోల్టులు. ఆ తీగల్లో 300, 400, కొన్నింటిలో అంతకు మించి కూడా వుంటుంది. చప్పుడు లేదు గనక ఆగి వుందని అనుకోకూడదు. శిక్షణ లేనివాళ్ళు నారింజ రంగు కనిపిస్తే చెయ్యి వెనక్కి తీసుకోవడమే మంచిది.

రోడ్డు మీద బండి ఆగితే ఇంకో జాగ్రత్త. 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు 22 మీటర్లు వస్తుంది. కాబట్టి నాలుగు లైట్లూ మిణుకుమనేలా వేసి, ఎర్ర త్రికోణం పలకను ఊళ్ళో అయితే యాభై, పెద్ద రోడ్డు మీద అయితే వంద మీటర్ల వెనక పెట్టాలి. పిల్లల్నీ పెద్దల్నీ కారులో కూర్చోబెట్టకుండా, రోడ్డుకు బాగా ఎడంగా నిలబెట్టాలి. ట్రాఫిక్ వైపు చక్రం మార్చవలసి వస్తే బండిని ఇంకా పక్కకు తీయాలి, లేదా సాయం పిలవాలి. జాతీయ రహదారుల మీద 1033 నంబరుకు ఫోను చేయవచ్చు. మన దగ్గర బండి చుట్టూ రాళ్ళూ, చెట్టుకొమ్మలూ పెట్టి, బాగయ్యాక వాటిని అక్కడే వదిలేసి పోతారు. రాత్రిపూట స్కూటరు మీద వచ్చేవాడికి ఆ రాయే యముడు. మనం పెట్టిన రాయిని మనమే తీసి కదలాలి.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఏదైనా జరిగితే? కాలినచోట ఇరవై నిమిషాల పాటు చల్లటి నీళ్ళు ధారగా పోయండి. ముందుగా ఉంగరాలు, గాజులు తీసేయండి, తరువాత వాచిపోతుంది. పేస్టు, సిరా, పసుపు, నెయ్యి ఏదీ రాయకండి. పెట్రోలు మంటమీద నీళ్ళు పోస్తే మంట నీళ్ళతోపాటు పాకుతుంది. ఇసుక పోయండి, లేదా పొడి చిమ్మే అగ్నిమాపక సిలిండరు వాడండి. బోనెట్ లోంచి పొగ వస్తే బోనెట్ పూర్తిగా ఎత్తకండి, గాలి తగిలి మంట లేస్తుంది. మనుషుల్ని దూరంగా పంపి 101 కు గానీ 112 కు గానీ ఫోను చేయండి. 2005 లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 108 అంబులెన్సు సంగతి మీకందరికీ తెలిసిందే.

ఒక ముఖ్యమైన మాట చెప్పి ముగిస్తాను. ఇదంతా విని, "మేం చెబితే వింటారా? ఇరవై ఏళ్ళుగా చేస్తున్నాను, ఏమైంది? నీకేం తెలుసు? అంటారు" అని మీరు అనవచ్చు. అంటారు. ఇరవై ఏళ్ళుగా ఏమీ కాలేదంటే, జాకీ ఇరవై ఏళ్ళుగా జారలేదని మాత్రమే అర్థం. రేపు జారదని కాదు. అప్పుడు వాదన వేసుకోకండి. ఇంజను గురించి ఏమీ తెలియనక్కర్లేని అయిదే అయిదు ప్రశ్నలు అడగండి. "ఏమండీ, ఆ బరువు దేనిమీద నిలబడింది? వేడి తగ్గిందా? బ్యాటరీ తీగ తీశారా? పెట్రోలు ఆవిరి, పొగ ఎటు పోతున్నాయి? తాళంచెవి ఎవరి దగ్గర వుంది?" చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ, నాన్న కారు కింద వుండగా నాలుగేళ్ళ పిల్లవాడు సరదాగా తాళం తిప్పితే ఏమవుతుందో ఊహించుకోండి. బండి కింద పని చేసేవాడి జేబులోనే తాళంచెవి వుండాలి. ఈ అయిదింటికీ జవాబు వచ్చిందంటే పని కానివ్వండి. ఒక్కదానికి జవాబు తడబడినా, "ముందు అది చూడండి, ఈలోగా కాఫీ తెస్తాను" అనండి. కాఫీ తాగేంతలో రేడియేటరు చల్లారదు గానీ, మనిషి తొందర కొంత చల్లారుతుంది.

బండిని షెడ్డుకు పంపినా ఈ ప్రశ్నలు మానకండి. విజయవాడ ఆటోనగర్ వంటి పెద్దచోట్లలోనైనా, మన వీధి చివరి షెడ్డులోనైనా, కారు కింద పడుకునేది ఎవరో ఒక తల్లి కన్నబిడ్డే. సన్నగా వున్నాడని, సులువుగా దూరతాడని చిన్నపిల్లల్ని కిందికి పంపే షెడ్లు వున్నాయి. 2016 లో సవరించిన చట్టం ప్రకారం 14 ఏళ్ళలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదు, 18 లోపు వాళ్ళను ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. "మేస్త్రీగారూ, మా బండి కింద పిల్లలు దూరడానికి వీల్లేదు. స్టాండ్లు పెట్టి చేయండి, అరగంట ఆలస్యమైనా ఫర్వాలేదు" అని మనం గట్టిగా చెబితే, బేరం పోతుందన్న భయంతోనైనా వింటారు. చాలా ప్రమాదాలు మనం పెట్టే తొందరలోంచే పుడతాయి. "సాయంత్రానికల్లా కావాలి" అనే మాటను కొంచెం ఆలోచించి అందాం.

పోయిన టైరు రేపు కొనుక్కోవచ్చు. ఆగిన ప్రయాణం ఎల్లుండి వెళ్ళవచ్చు. పోయిన వేలు, పోయిన చూపు, పోయిన మనిషి మటుకు ఏ షెడ్డులోనూ దొరకరు. ఈ ఆదివారం మీ ఇంట్లో ఎవరైనా బోనెట్ ఎత్తితే, ఆ అయిదు ప్రశ్నలూ అడగడం మరిచిపోకండేం.